నారబట్ట మడతల్లో పాస్‌పోర్టు

ఒటాహుహు, ఆక్లండ్
ఫిబ్రవరి 12, 2023

మరదలు ఫీపేకి,

మేమంతా బాగున్నామని రాస్తే అబద్ధం. బాగాలేమని రాస్తే నువ్వు కంగారుపడతావు. కాబట్టి నా నడుము పట్టేసిందని, మిగతావన్నీ నడుస్తున్నాయని మాత్రం రాస్తున్నాను.

అగ్నిపర్వతం పేలి సముద్రం కింద తీగ తెగిపోయినప్పటినుంచి మీ వవావూ దీవికి ఫోను చేస్తే ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. పోయిన ఆదివారం నువ్వు అరగంట మాట్లాడావు. నాకు వినబడింది "దగ్గు" అన్న మాటొక్కటే. ఎవరికి దగ్గు? తమ్ముడికా, నీకా, మీ పందికా? చర్చిలో వవావూ నుంచి వచ్చిన ఒకావిడ, తమ్ముడు లిసియాతే ఈ ఏడు పెండలం తోట వేయలేదని చెప్పింది. మీ పెళ్ళిరోజు పొద్దున కూడా తోటలోంచి పిలుచుకురావలసి వచ్చిన మనిషి తను. తోట వేయలేదంటే అది ఉత్త దగ్గు కాదు.

వద్దామని టికెట్ల దుకాణానికి వెళ్ళాను. అక్కడి ఆవిడ నా కొత్త పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పింది.

"వెళ్ళడానికి ఏం ఇబ్బంది లేదు ఆంటీ. తిరిగి రావడానికే. మీరు ఇక్కడ శాశ్వత నివాసి అని కంప్యూటర్లో కనబడాలి. లేకపోతే అక్కడ విమానం ఎక్కనివ్వరు."

"నలభై మూడేళ్ళుగా ఇక్కడ కనబడుతూనే ఉన్నాను కదమ్మా."

"నాకు కనబడుతున్నారు. కంప్యూటర్‌కి కనబడటం లేదు."

శాశ్వత నివాసం స్టిక్కరు నా పాత పాస్‌పోర్టులో ఉంది. అమ్మ పోయినప్పుడు నేను వచ్చింది దానిమీదే. ఆ తర్వాత ఈ పంతొమ్మిదేళ్ళలో నేను ఎక్కడికీ వెళ్ళలేదు, దాన్ని తీసి చూడనూ లేదు. ఇప్పుడు స్టిక్కర్లు పోయి డిజిటల్ రుజువులు వచ్చాయట. పాతది చూపిస్తే కొత్తది ఇస్తారట. ఇల్లంతా వెతికాను. రెండు రోజులు వెతికాక మంచం అంచున కూర్చుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఫీపే. 

అమ్మ చెట్టు బెరడు దంచి రంగులద్దిన ఆ పెద్ద నారబట్ట నీకు తెలుసు. దాని మడతల్లో, లోపలి చాపకీ బట్టకీ మధ్య ప్లాస్టిక్ కవరులో పెట్టాను. పరుపు కింద అంతకన్నా భద్రమైన చోటు ఏముంటుంది? నాలుగేళ్ళ క్రితం చిన్నాన్న పోయినప్పుడు మన చర్చి వాళ్ళు అంత్యక్రియల కానుకలు పట్టుకుని వవావూ వస్తుంటే, నేను ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తూ ఫోనులో మా అమ్మాయి సియుతితితో "పరుపు కింద పెద్ద కట్ట ఇచ్చెయ్" అన్నాను. అది తన పాత స్కూలు టైతో, నీలం మీద పసుపు గీతలున్న దానితో, గట్టిగా బిగించి ఇచ్చేసింది.

ఆ కట్ట ఎవరికి దక్కిందో కనుక్కో. తమ్ముడికి నా మాటగా ఏమీ చెప్పకు. తను నా కాగితాల గురించి ఆలోచించడం నాకు ఇష్టం లేదు.

నీ వదిన,
లోసలీన్


లేయిమాతువా, వవావూ
మార్చి 9

పెద్ద వదినగారికి, ఫీపే వంగి నమస్కరించి రాస్తున్నది. వంగడం కాగితం మీదే, మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

దగ్గు మీ తమ్ముడికి. పంది బాగానే ఉంది.

పాస్‌పోర్టును నారబట్టలో పెట్టేవాళ్ళు ఉంటారా అని మిమ్మల్ని తిడదామనుకున్నాను. తర్వాత మా పరుపు కింద చెయ్యి పెట్టి చూశాను. పిల్లల జనన పత్రాలు, ఇంటి స్థలం కాగితం, మా పెళ్ళి ఫోటో అన్నీ చాపల మధ్యే ఉన్నాయి. అన్నీ తీసి రేకు డబ్బాలో పెట్టాను. ఈ వయసులో మీవల్ల నాకు బుద్ధి వచ్చింది.

చిన్నాన్నగారి అంత్యక్రియలకు వచ్చిన వాటిలో మంచివన్నీ ఆడపడుచు వరసలో కలొలైన్‌కి వెళ్ళాయి కదా. మీ మేనత్త కూతురు, పోయినవారి అక్కచెల్లెళ్ళ వైపు మనిషి, ఆవిడ హక్కు. శవం తలదగ్గర కూర్చున్నదీ ఆవిడే. నీలం టై కట్టిన కట్ట ఆవిడ వైపు వెళ్ళడం నేను చూశాను. మీ కట్ట అని అప్పుడే గుర్తుపట్టి గర్వపడ్డాను కూడా.

పోయిన వారం రొట్టెపండ్లు పట్టుకుని కలొలైన్ ఇంటికి వెళ్ళాను. గంటసేపు ఆవిడ కాలి వాపు గురించి మాట్లాడుకున్నాం. ఇచ్చినదాన్ని ఎక్కడుందని ఎలా అడుగుతాను? ఆ మాట నోట్లోంచి వస్తే మీ అమ్మగారు గోతిలోంచి లేచి వచ్చి నన్ను కొడతారు. చివరికి "ఈ మధ్య మంచి నారబట్టలే కనబడటం లేదు వదినా" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, "లోసలీన్ పంపింది కొడుకు పెళ్ళిలో వియ్యాలవారికి పెట్టాను, అంత మంచిది మళ్ళీ రాలేదు" అంది. కట్ట విప్పారా అని అడగబోయి మళ్ళీ మింగేశాను. అలాంటివి విప్పరు. ఇచ్చేదాకా దాచుకుంటారు, అందుకోగానే ఇంకొకరికి ఇస్తారు.

వియ్యాలవారు నెయాఫు పట్నంలో ఉంటారు. మెల్లగా కనుక్కుంటాను. మీరు ఆ వీసా ఆఫీసువాళ్ళతో వేరే దారి చూడండి.

మీ తమ్ముడు బాగానే ఉన్నారు. పొద్దున చేపల చారు తాగారు.

మీ మరదలు,
ఫీపే


ఒటాహుహు
ఏప్రిల్ 16

ఫీపే,

వేరే దారి చూశాను. ఆ దారిలోనే ఈ నెలంతా గడిచింది.

అంతా కంప్యూటర్లోనే నింపాలి. లైబ్రరీలో కూర్చుని మూడు రోజులు నింపాను. ఫోటో మూడుసార్లు తిరిగి వచ్చింది. ఒకసారి వెనక నీడ పడిందట, ఒకసారి జుట్టు ముఖం మీదికి వచ్చిందట, ఒకసారి నేను నవ్వానట. మూడోది ఎలా జరిగిందో నాకే తెలియదు. సియుతితి పనికి వెళ్ళే రోజుల్లో మనవరాలు వాయిని కూడా చక్రాల కుర్చీలో తోసుకుంటూ వెళ్ళాను. తొమ్మిదేళ్ళొచ్చాయి, బరువెక్కింది. దాన్ని స్నానానికి ఎత్తేది నేనే, కుర్చీలో దించేది నేనే. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. నేను అక్కడ చిక్కుపడిపోతే ఈ పిల్లని ఎత్తేవాళ్ళు లేరు.

పాస్‌పోర్టు పోయిందని ఒక పెద్దమనిషి ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాలన్నారు. శనివారాలు లైబ్రరీలో కూర్చునే రావిరి గారు చేస్తారు. ఆయన మావోరీ, ఈ దేశపు మూలవాసి, ఒకప్పుడు మా రూటులో బస్సు నడిపేవారు.

"ఎక్కడ పోయింది?"

"పోలేదండీ. ఎక్కడుందో తెలుసు. అడగకూడదు."

ఆయన కళ్ళజోడు తీశారు. మొత్తం చెప్పించుకున్నారు. విన్నాక కాసేపు బల్ల మీద పెన్నుతో కొట్టారు.

"ఆంటీ, ఇచ్చినదాన్ని వెనక్కి అడగకూడదు, అది నాకు అర్థమవుతుంది. కానీ ఈ గడిలో 'పోయింది' అనో, 'దొంగిలించారు' అనో రాయాలి. 'గౌరవంగా ఇచ్చేశాను' అని రాయడానికి గడి లేదు."

"మరి మీరేం రాస్తారు?"

"నా చేతికి అందని చోట ఉంది అని రాస్తాను. అది నిజమే కదా."

అలాగే రాశారు. ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. నా కాలంనాటి ఫైళ్ళు కాగితాలట, ఎక్కడో గోదాములో ఉన్నాయట. పాత పాస్‌పోర్టు నంబరు ఉంటే వెంటనే దొరుకుతుంది, లేకపోతే వెతకడానికి టైము పడుతుంది, ఓపిక పట్టండి అన్నారు. ఆ నంబరు పాస్‌పోర్టులోనే ఉంది.

ఇక నువ్వు రాసిన చారు సంగతి. పంది తొడ లేకపోతే భోజనానికి కూర్చోని మనిషి చేపల చారు తాగాడా? నేను ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేశాను. చారు ఎవరికి ఇస్తారో నాకు తెలుసు. నిజం రాయి.

లోసలీన్


లేయిమాతువా
మే 14

వదినా,

నిజం రాస్తున్నాను. రాయొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తెంచి రాస్తున్నాను.

కడుపులో గడ్డ. క్రిస్మస్ ముందే తెలిసింది. నెయాఫు డాక్టరు, రాజధానికి తీసుకెళ్ళినా లాభం లేదని, జూలైలో తిమింగలాలు వచ్చేనాటికి ఉంటే గొప్ప అన్నాడు. మీ కాగితం, కట్ట సంగతి ఆయన దగ్గర దాచలేకపోయాను. మీకు ఎందుకు చెప్పలేదంటే, ఆయనన్న మాట ఇది: "అక్కకి తెలిస్తే కాగితం ఉన్నా లేకపోయినా వచ్చేస్తుంది. తిరిగి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోతుంది. అక్కడ ఆ పిల్ల ఏమైపోతుంది?"

మీరూ ఆయనా ఒకరి గురించి ఒకరు నాకే చెప్తారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మధ్యలో నేను అటూ ఇటూ మోస్తున్నాను. చిన్నప్పటినుంచీ ఒకే గదిలో కూర్చోకుండా పెరిగిన అక్కాతమ్ముళ్ళు, మన ఆచారంలో మర్యాద అది, నేను కాదనను. మీరు ఫోను చేస్తే ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోతారు. వెళ్ళి కిటికీ కింద నిలబడతారు. మీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

కట్ట దొరికింది. అంటే ఎక్కడుందో తెలిసింది. వియ్యాలవారు చర్చి వార్షికోత్సవానికి పాస్టరు మానోవా గారికి పెట్టారట. పాస్టరు గారింటికి వెళ్ళినప్పుడు బల్ల పక్కన కనబడింది. నీలం టై అలాగే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. పాస్టరమ్మ టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. దారిలో ఏడ్చాను, వదినా. అలసిపోయాను.

ఫీపే


ఒటాహుహు
జూన్ 3

ఫీపే,

క్రిస్మస్ ముందే తెలిసింది. నేను క్రిస్మస్‌కి తనకి చొక్కా పంపాను. ఎక్స్‌ట్రా లార్జ్. అది తొడుక్కుని చర్చిలో పాడాడని రాశావు. నీకు చేతులెలా వచ్చాయి?

కోపం తగ్గాక మళ్ళీ రాస్తున్నాను. నిన్ననడానికి నేనెవరిని? పక్కన ఉండి చూస్తున్నది నువ్వు.

పాస్టరు గారిని అడుగు. సిగ్గు నాది, నా పేరు చెప్పి అడుగు. అడగలేకపోతే వదిలెయ్. నేను పదిహేనో తారీఖు విమానానికి వస్తున్నాను. ఆఫీసులో ఇంకా వెతుకుతూనే ఉన్నారు. తిరిగి వెళ్ళడం సంగతి తర్వాత చూసుకుంటాను. సియుతితి ఏడుస్తోంది, వాయి నా ముఖంలోకి చూస్తోంది. నా తమ్ముడు పోతుంటే నేను ఇక్కడ ఫోటోలు దిగుతూ కూర్చోలేను.

లోసలీన్


లేయిమాతువా
జూన్ 8, విమానంలో వస్తున్న పాస్టరమ్మ చేతికి ఇచ్చి

వదినా,

మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన మొదటిసారి మీకు నేరుగా కబురు చెప్తున్నారు. కళ్ళు మూసుకుని చెప్పారు, నేను రాసుకున్నాను. ఒక్క మాట మార్చలేదు.

"అక్కకి నా దండాలు. రావొద్దని చెప్పు. వచ్చినా నేను పడుకున్న గది గుమ్మం తను దాటదు. గోడకి అవతల కూర్చుంటుంది. ఇప్పుడూ గోడకి అవతలే కూర్చుంది, గోడ కాస్త మందం, అంతే. ఆ కట్ట గురించి బెంగపడొద్దను. ఎవరూ అడగక్కర్లేదు, తన దగ్గరికి అదే వస్తుంది. కాగితం చేతికొచ్చాక రమ్మను. అప్పుడైతే రాగలదు, పోగలదు."

కట్ట ఎలా వస్తుందండీ అంటే నవ్వారు. నవ్వితే నొప్పి, అయినా నవ్వారు. పోయిన మంగళవారం పాస్టరు గారు ప్రార్థనకి వస్తే నన్ను బయటికి పంపి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ పాటలు పాడాలో చెప్పుకుంటున్నారనుకున్నాను.

తమ్ముడి మాట వినండి. ఇది నా మాట కూడా.

ఫీపే


ఒటాహుహు
జూన్ 14

ఫీపే,

టికెట్ రద్దు చేశాను.

తను పన్నెండేళ్ళవాడయ్యాక వేరే గుడిసెలో పడుకునేవాడు. పొద్దున్నే నేను లేచేసరికి గుమ్మంలో కొబ్బరిబోండాం కొట్టి పెట్టి ఉండేది. ఎవరు పెట్టారని నేను అడగలేదు, తను చెప్పలేదు. ఈ మాట తనకి చదివి వినిపించు. నేను చెప్పానని కాదు, ఊరికే చదువు.

లోసలీన్


లేయిమాతువా
జూలై 23

వదినా,

చర్చి ఫోనులో మీ ఏడుపు వినబడింది. నాది మీకు వినబడిందో లేదో. తీగ బాగుచేయడానికి ఓడ వస్తుందంటున్నారు. ఇప్పుడొచ్చి ఏం చేస్తుంది?

కొబ్బరిబోండాం మాట చదివాను.  ఆయన "తెలిసిపోయిందా" అన్నారు. ఆ తర్వాత మూడు వారాలు ఉన్నారు. పోయిన రోజు పొద్దున ఒడ్డు దగ్గర తల్లి తిమింగలం, పిల్ల కనబడ్డాయని చెప్పాను. డాక్టరు చెప్పిన గడువు దాటానని సంతోషించారు.

అంత్యక్రియలు ఎలా జరిగాయో మీకు వివరంగా రాయాలి, అది మీకు చెందినది. ఆయన తలదగ్గర మీ చోట కూర్చోమని అందరూ కలొలైన్‌ని పిలిచారు. ఆవిడ లేవబోయింది. పాస్టరు గారు, "అక్కగారి చోటు ఖాళీగా ఉంచమని లిసియాతే చెప్పి వెళ్ళాడు" అన్నారు. చాప పరిచి ఖాళీగా ఉంచాం. నేను సంతాపానికి చిరిగిన పెద్ద చాప నడుముకి కట్టుకుని వెనక కూర్చున్నాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తెచ్చినవి ఆ ఖాళీ చోటు ముందు పెట్టారు. చాపలు, నారబట్టలు, గుట్టయింది.

చివర్లో పాస్టరు మానోవా గారు వచ్చారు. పాస్టర్లు తీసుకునేవాళ్ళే కానీ, అంత పెద్దది తెచ్చి పెట్టడం మేమెవరం చూడలేదు. ఇద్దరు మోసుకొచ్చారు. ఖాళీ చోటు ముందు దించి, వంగి, ఆయనే చేత్తో కాస్త ముందుకి జరిపారు. నీలం టై, పసుపు గీతలు.

అప్పుడు నాకు అర్థమైంది, వదినా. తన అంత్యక్రియల్లో వచ్చేవాటిలో మంచివన్నీ మీకే వెళ్తాయని మీ తమ్ముడికి తెలుసు. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. పాస్టరు గారు తర్వాత నాతో, "అతను ఏమీ అడగలేదమ్మా. నా అంత్యక్రియలకి మీరేం తెస్తారో నాకు తెలుసు అన్నాడు, అంతే. నాకు ముందు అర్థం కాలేదు. టై గురించి చెప్పాక అర్థమైంది" అన్నారు. మీ చేతికి మీ కాగితం తిరిగి ఇవ్వడానికి మీ తమ్ముడికి ఆ ఒక్క దారే ఉంది. ఆ దారి తొందరగా రాకూడదని నేను రోజూ ప్రార్థిస్తుంటే, ఆయన పక్క గదిలో పడుకుని దాన్నే ఏర్పాటు చేసుకున్నారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

మీ సొత్తు విప్పకూడదు కానీ విప్పాను. మూడో మడతలో ఉంది. చెమ్మ తగల్లేదు. స్టిక్కరు బాగుంది. ఫోటోలో మీరు నల్లటి జుట్టుతో, ఎవరినో కొట్టబోతున్నట్టు ఉన్నారు. నంబరు ఈ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాశాను. పాస్‌పోర్టు ఈ ఉత్తరంతో పాటు, మళ్ళీ అక్కడికి వస్తున్న పాస్టరమ్మ మీ చేతికే ఇస్తుంది. ఇంకెవరికీ ఇవ్వొద్దన్నాను.

ఒక్క సంగతి మిగిలింది. మా జుట్టు. పోయినవారి అక్కగా పదో రోజున పిల్లలదీ నాదీ కత్తిరించాల్సింది మీరు. ఈ రోజుల్లో చాలామంది ఒక పాయతో సరిపెడుతున్నారు, కలొలైన్ తనే చేస్తానంది కూడా. వద్దన్నాను. పదో రోజు దాటిపోయింది. ఊళ్ళో అందరూ మా తలల వైపే చూస్తున్నారు. చూడనివ్వండి.

మీ మరదలు,
ఫీపే


ఒటాహుహు
ఆగస్టు 13

నా ఫీపేకి,

నంబరు ఇచ్చిన తొమ్మిదో రోజుకి రుజువు వచ్చింది. ఈమెయిల్లో వచ్చింది. రావిరి గారు లైబ్రరీలో తెరిచి చూపించారు. పట్టుకోవడానికి ఏమీ లేదు, వెలుగుతున్న అద్దం మీద నా పేరు, పుట్టిన తేదీ, కొత్త పాస్‌పోర్టు నంబరు. నా చెయ్యి ఖాళీగా ఉండటం చూసి ఆయన ఒక కాగితం మీద అచ్చు తీసి ఇచ్చారు. కింద చివరి గడి ఆయనే చదివారు. తిరిగి ప్రవేశించడానికి గడువు: లేదు.

"ఇక మీరు ఎప్పుడైనా వెళ్ళొచ్చు ఆంటీ, ఎప్పుడైనా రావొచ్చు" అన్నారు. సంతోషిస్తానని చూస్తున్నారు పాపం. నేను ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. గడువు లేదట నాకు. రెండు నెలల ముందు ఇదే మాట రాసి ఉంటే గోడకి అవతల కూర్చునేదాన్ని. తను దగ్గితే నాకు వినబడేది.

నీ కోపం నువ్వు ఉంచుకో. నాకూ ఉంది. వచ్చాక ఇద్దరం కూర్చుని తనని తిడదాం.

నారబట్ట మళ్ళీ మడిచి, అదే టైతో కట్టి పెట్టు. అది పాస్టరు గారు నా తమ్ముడికి తెచ్చింది, నేను దాచుకోను. మనలో మళ్ళీ ఎవరో ఒకరికి అవసరం పడుతుంది. ఈసారి లోపల ఏమీ లేకుండా చూడు.

మూడు వారాలు సెలవు దొరికింది, సియుతితి అత్తగారు వచ్చి వాయిని చూసుకుంటుంది. సోమవారం రాజధానికి, బుధవారం మీ దగ్గరికి. లాండ్రీలో గుడ్డలు కోసే పాత కత్తెర నా దగ్గరే ఉంది, నిన్న సాన పట్టించాను.

జుట్టు విప్పి, నూనె రాసి, దువ్వి ఉంచండి. ముందు నీది.

లోసలీన్